పుచ్చకాయ దమ్ము మహిమ

ఎలక్ట్రానిక్ సిగరెట్ పొగతాగుడు మానిపిస్తుందా, లేదా అని పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు ఇంకా తలలు పట్టుకుని కూర్చున్నారట! ఎందుకండీ అంత శ్రమ? చైనాలో, షెన్‌జెన్ నగరంలోని షాజింగ్ పేటకు వచ్చి వెయ్ దాషాన్‌ని ఒక్కసారి చూసిపోతే చాలదూ? ఇరవై రెండేళ్ళపాటు రోజుకు రెండు పెట్టెలు ఊదేసిన ఆ లారీ డ్రైవర్ ఇవాళ ఒక్క సిగరెట్ ముట్టడు. మానిపించింది ఎలక్ట్రానిక్ సిగరెట్టే. ఇందులో వీసమెత్తు అబద్ధం లేదు.

కాకపోతే, ఎలా మానిపించిందో కాస్త వివరంగా చెప్పుకోవాలి.

దాషాన్ భార్య చిన్ యూలాన్. ల్యూజౌ ఊళ్ళో నత్తల పులుసులో నూడుల్స్ వేసి అమ్మే తల్లి దగ్గర పెరిగిన మనిషి. ఒక్క చెంచా పులుసు నాలుక మీద వేసుకుంటే చాలు, అందులోని వెదురు మొలకలు ఎన్నాళ్ళు పులిశాయో చెప్పేసేది. అంతటి నాలుక వృథాగా పోతుంటే చూస్తూ ఊరుకుంటారా? షాజింగ్‌లోని ఎలక్ట్రానిక్ సిగరెట్ల ఫ్యాక్టరీవాళ్ళు ఆమెను రుచి చూసే గదిలో పనికి పిలిచారు.

"ఎప్పుడైనా సిగరెట్ తాగావా అమ్మా?" అని అడిగాడు సూపర్‌వైజర్ పాంగ్.

"ఛీ! మా ఆయన కంపు భరించలేకే చస్తున్నాను."

"భేష్! మాకు కావలసింది నీలాంటివాళ్ళే. తాగేవాళ్ళ నాలుక మొద్దుబారిపోయి ఉంటుంది. నువ్విక్కడ పీల్చే ఒక్కో దమ్ముకి ఎక్కడో పరాయి దేశంలో ఒకడు సిగరెట్ మానేస్తాడు, తెలుసా!"

యూలాన్ నమ్మింది. ఎందుకు నమ్మదు? రోజూ పొద్దున్నే ఊపిరితిత్తులు ఊడి సింకులో పడతాయేమో అన్నట్టు దగ్గే మొగుడు ఇంట్లో ఉంటే ఎవరైనా నమ్ముతారు.

పుచ్చకాయ, మామిడి, బ్లూబెర్రీ, పీచుమిఠాయి! పిల్లల పుట్టినరోజు పండగలా ఉండేది ఆ గది. ఒక దమ్ము, కాస్త చప్పిడి రొట్టె ముక్క, ఒక గుక్క గోరువెచ్చని నీళ్ళు, మళ్ళీ దమ్ము. సాయంత్రానికి దమ్ములు రెండు వందలు దాటేవి. ఆ రుచుల్లో ఒక్కటీ ఈ దేశంలో అమ్మడానికి వీల్లేదు, అంతా ఎగుమతి సరుకు. పరాయివాళ్ళ ఆరోగ్యం కోసం ఇంత పాటుపడే ఊరు ఇంకెక్కడైనా ఉందా, మీరే చెప్పండి!

మొగుణ్ణి మాత్రం గాలికి వదిలేస్తుందా? పైడొప్ప సొట్టపోయిందని పక్కన పడేసిన పుచ్చకాయ రకం ఒకటి పాంగ్‌ని అడిగి ఇంటికి తెచ్చింది.

"ఇది నోట్లో పెట్టుకుని లారీ నడిపితే తోటి డ్రైవర్లు ఆడపిల్లనని నాకు జడలు వేస్తారే!" అన్నాడు దాషాన్.

"వేస్తే వెయ్యనీ. ముందు పీల్చు."

పీల్చాడు. నచ్చింది. నలభై సిగరెట్లు ముప్పై రెండుకు దిగాయి! ఫ్యాక్టరీవాళ్ళ భాషలో దీన్ని ఘన విజయం అంటారు. ఇదివరకు పాపం లిఫ్టులో, బాత్రూంలో, మంచం మీద, అన్నం తినేటప్పుడు దాషాన్ ఊరికే ఊపిరి పీల్చుకుని కాలం వృథా చేసేవాడు. ఇప్పుడా బాధ తప్పింది. సిగరెట్ కూడని చోట పుచ్చకాయ, పుచ్చకాయ చాలని చోట సిగరెట్!

ఇలా ఏడాదిన్నర గడిచింది. పెద్దల సమాధులు శుభ్రం చేసే పండక్కి మూడు రోజుల సెలవు దొరికితే మొగుడూ పెళ్ళాలు ల్యూజౌ వెళ్ళారు.

మొదటి రోజు సాయంత్రానికే యూలాన్‌కి తలనొప్పి పట్టుకుంది. రెండో రోజు పొద్దున తల్లి ఉల్లికాడలు తరుగుతుంటే ఆ చప్పుడుకే విరుచుకుపడింది.

"ఆపమ్మా ఆ కత్తి! నా బుర్ర మీద కొడుతున్నట్టుంది!"

ముసలావిడ బిత్తరపోయి కత్తి కింద పెట్టింది. "ఏమైందే నీకు? నీళ్ళోసుకున్నావా?"

"ఏం కాలేదు! నా జోలికి రావద్దు, అంతే!"

గిన్నె అందుకోబోతే చేతిలోంచి జారి పగిలింది. యూలాన్ తన వేళ్ళకేసి చూసుకుంది. అవి తనవి కానట్టు వణుకుతున్నాయి. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

గుమ్మంలో నిలబడిన దాషాన్‌కి అర్థమైంది. ఆ మొహం అతనెరుగును. సిగరెట్ పెట్టె ఖాళీ అయిన రోజుల్లో లారీ అద్దంలో కనిపించే మొహం అది. భార్యను చెయ్యిపట్టి పెరట్లోకి తీసుకెళ్ళి, జేబులోంచి పుచ్చకాయ గొట్టం తీసి ఇచ్చాడు.

"ఒక్కసారి పీల్చు."

"పిచ్చా నీకు? ఇవాళ సెలవు. డ్యూటీలోనా ఉన్నాను పీల్చడానికి?"

"యూలాన్, నా మాట విను. పీల్చు."

పీల్చింది. మూడో దమ్ముకి వేళ్ళు కుదుటపడ్డాయి. ఇద్దరూ ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయారు.

"నేనెప్పుడూ సిగరెట్ తాగలేదయ్యా," అంది ఆమె. "ఒక్కటి కూడా."

"తెలుసే."

"మరి నాకెందుకిలా అయింది?"

దాషాన్ పైజేబులోని సిగరెట్ పెట్టె తీసి అత్తగారి పొయ్యిలో పడేశాడు. ఆ పూట నుంచి సిగరెట్ లేదు, పుచ్చకాయా లేదు. మందులు మింగలేదు, ప్రతిజ్ఞలు చేయలేదు. పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, పిచ్చెక్కినట్టు మూడు వారాలు అటూ ఇటూ తిరిగి గట్టెక్కాడు.

మరి ఎలక్ట్రానిక్ సిగరెట్ మానిపించినట్టా, కాదా? మానిపించింది కదా! దానికి ఒక చిన్న ఏర్పాటు కావాలి, అంతే. మానాల్సిన మనిషి ఎదురుగా, ఎన్నడూ పొగ ముట్టని మరో మనిషిని నిలబెట్టి దానికి అలవాటు చెయ్యాలి. దాషాన్ మానేశాడని తెలియగానే పాంగ్ ఎంత పొంగిపోయాడనుకున్నారు! దాషాన్ ఫొటో అడిగి తీసుకుని ఫ్యాక్టరీ గోడకు తగిలించాడు. కింద "మా సరుకుతో మానేశాను" అని రాయించాడు.

యూలాన్ ఆ ఫొటో కింద నుంచే రోజూ పనిలోకి వెళ్ళేది. ప్యాకింగ్‌కి మార్చమని రెండుసార్లు అడిగింది. "నీ నాలుక పోతే మాకు దిక్కెవరమ్మా?" అన్నాడు పాంగ్ ఎంతో ఆప్యాయంగా.

చివరికి ఒక మంగళవారం సెలవు పెట్టి, మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆస్పత్రిలో పొగ మాన్పించే విభాగానికి వెళ్ళింది. కుర్ర డాక్టర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"రోజుకు ఎన్ని సిగరెట్లు?"

"ఒక్కటీ లేదు. ఫ్యాక్టరీలో ఎలక్ట్రానిక్‌వి పీలుస్తాను. రెండు వందల దమ్ములు."

"అది వేరు. సిగరెట్లు?"

"సున్నా."

డాక్టర్ సున్నా కొట్టాడు. కంప్యూటర్ ముందుకు కదలలేదు. మళ్ళీ కొట్టాడు. అప్పుడు ప్రింటర్‌లోంచి ఒక కాగితం బయటికి వచ్చింది. అతను దాన్ని చదివి సంతోషంగా లేచి నిలబడ్డాడు.

"అభినందనలండీ! మీరు పూర్తిగా మానేసినట్టే. మా ఈ నెల జాబితాలో మీ పేరు ఎక్కిపోయింది."

దాషాన్ బయట మెట్ల మీద గింజలు కొరుకుతూ కూర్చున్నాడు. భార్యను చూసి లేచాడు.

"ఏమన్నాడు?"

"మానేశానట." కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"మరి మందేమీ ఇవ్వలేదా?"

"మానేసినవాళ్ళకి మందెందుకయ్యా?"

అతను దోసిట్లోని గింజలు సగం ఆమె అరచేతిలో పోశాడు. యూలాన్ ఒకటి కొరికి తొక్క ఊసింది.

"పద, బస్సొచ్చింది," అంది. "రేపు పెందలాడే వెళ్ళాలి. లిచీ రకం కొత్తగా దింపుతున్నారు."