జుప్ గారి వంశవృక్షం

"అర్థంగారి తల్లి ఏదో ఒక్క మాట అందట! ఆ మాటేమిటో తేల్చడానికి ప్రభుత్వం మనుషుల్ని పంపిస్తోందట!" అని ఎదురింటి దర్జీ భార్య పొద్దున్నే కూరగాయల బండి దగ్గర చెప్పగా, ఆ కబురు అర్థంగారి భార్య చెవిన పడి, స్నానం చేస్తున్న అర్థంగారికి తలుపు సందులోంచి అందింది.

విచిత్రమేమిటంటే అందులో అబద్ధం ఒక్కటీ లేదు!

అర్థంగారు ప్రభుత్వ నిఘంటు శాఖలో ఉపసంపాదకుడు. ఎవరే మాటన్నా దాని పుట్టుక చెప్పందే వదలడు కనుక వీధి ఆయనకా పేరు పెట్టింది. ఆయన శాఖ 'సకలభాషా లఘుపదకోశం' అనే మహాకార్యం తలకెత్తుకుంది. లోకంలో ఉన్న భాషలన్నింటిలో జనం నోట నానే పొట్టి మాటలన్నీ ఏరి, అర్థాలూ పుట్టుకలూ తేల్చడం. పొట్టి మాటలు ఏ దేశంలోనైనా ఎక్కడ పుడతాయి? రేవులో మూటలు మోసేచోట, వంటశాలలో చేతులు కాలేచోట, తీరిగ్గా మాట్లాడే వీల్లేనిచోట. శాఖకు అది నామోషీ! మంచి వంశం లేని మాటను కోశంలోకి రానివ్వకూడదని నియమం. అందుకని రేవు మాటకు రాజసభలో తల్లిని వెతికేవారు. వంటింటి తిట్టుకు యుద్ధభూమిలో తండ్రిని కుదిర్చేవారు. 'ఓకే' అనే రెండక్షరాల పిల్ల మాదంటే మాదని ఇన్ని భాషలవాళ్ళు కొట్టుకుంటుంటే, తక్కినవాటికి ఒక్క దిక్కయినా చూపించవద్దూ!

ఇలా ఉండగా సంపాదకుడి కుర్చీ ఖాళీ అయింది. "అక్షరం రక్తంలో ఉండాలయ్యా! మా తాతముత్తాతలు ఆస్థాన పండితులు" అన్నారు కోశం అధ్యక్షులు. అర్థంగారు తడుముకోలేదు. "మావాళ్ళూ ఆస్థాన లేఖకులేనండీ!" అనేశాడు. అన్నవాడు ఊరుకున్నాడా? ఋజువుగా తల్లి నోట వినే 'జుప్' అన్న మాటను, పూర్వం ఆస్థానంలో వాడిన పదమంటూ సమర్పించాడు. అధ్యక్షులు మురిసిపోయి, పలికే మనిషి నోటనే వింటామని సభ్యులతో సహా బయలుదేరారు.

"అమ్మా, ఎవరు నేర్పారని అడిగితే, మా మామగారు, ఆస్థానంలో లేఖకులు అని చెప్పు."

"ఏ ఆస్థానంరా? మీ తాత వేలిముద్ర వేసేవాడు కదా!"

"అబ్బ! నా కుర్చీ నీ నోట్లో ఉందమ్మా!"

"సరేలే, అలాగే చెబుతా. చొక్కా గుండీలు పెట్టుకో ముందు."

కమిటీ వచ్చి ముందుగదిలో కూర్చుంది. ఎడారి భాషల పండితుడు గొంతు సవరించుకున్నాడు.

"ఎడారి భాషలో 'జూబా' అంటే వైరాగ్యం. మన జుప్ అక్కడిదే."

"కాదండీ," అంది దీవుల భాషల పండితురాలు. "దీవుల్లో 'త్సుపు' అంటే పతివ్రతా మౌనం. స్వచ్ఛమైన సముద్రపు మాట!"

"వైరాగ్యం!"

"మౌనం!"

"మౌనమైతే ఇంత అరవడమెందుకండీ?"

అధ్యక్షులు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపి, పెద్దావిడ వైపు తిరిగారు. "ఎవరి దగ్గర నేర్చుకున్నారమ్మా ఈ మాట?"

"మా మామగారి దగ్గర బాబూ. ఆస్థానంలో..." అంటూ ఆవిడ కొడుకు మొహం చూసింది. పండితురాలి మొహం చూసింది. ఆగలేక పకపకా నవ్వేసింది. "మౌనమేమిటి తల్లీ, నా బొంద! గేదెల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడేవాళ్ళ మాట అది. మా మామగారు బతుకంతా గేదెల దళారీయే!"

అర్థంగారు వద్దు వద్దన్నట్టు తల్లికి చెయ్యి ఊపాడు.

"లేఖకులన్నావేమయ్యా!" అధ్యక్షులు లేచి నిలబడ్డారు. "సంతలో దళారీ మనవడివి, నీకు సంపాదకుడి కుర్చీయా! పదండి, ఈ మాటా వద్దు, ఈ మనిషీ వద్దు!"

ఆయన గుమ్మం దగ్గర చెప్పుల్లో కాలు పెట్టారు. ఎడారి పండితుడు మాత్రం ఉత్తినే పోవడమెందుకని, "ఇంతకీ దాని అర్థమేమిటమ్మా?" అన్నాడు.

"గేదెకు లోపముంది, బేరం వదిలెయ్ అని."

"తప్పు!"

గుమ్మంలో ఉన్న అధ్యక్షులు గిర్రున తిరిగారు. తన ఎదుట తప్పర్థం చెప్పినవాణ్ణి ఆయన ఉద్యోగకాలమంతటిలో ఒక్కణ్ణీ క్షమించి ఎరగరు. ఒంటికాలి చెప్పుతోనే లోపలికొచ్చి, అర్థంగారి భుజం మీది తువ్వాలు లాగి, ఎడారి పండితుడి చేతి మీద కప్పి, కింద నుంచి ఆయన వేళ్ళు పట్టుకున్నారు.

"లోపముంటే జుప్ అంటారా ఎక్కడైనా? ఇదిగో, ఇలా రెండు వేళ్ళు నొక్కి, ఎటో చూస్తూ జుప్ అంటే, తొందరపడకు, ధర ఇంకా దిగుతుంది అని! అవతలివాడికి వేలు కదిలినట్టు కూడా తెలియకూడదు. ఇలా! ఏమయ్యా, తెలిసిందా?"

ఎడారి పండితుడి చెయ్యి ఇంకా తువ్వాలు కిందనే ఉంది.

పెద్దావిడ ముందుకు వంగి ఆ తువ్వాలు వైపు మెచ్చుకోలుగా చూసింది.

"అంత బాగా నొక్కడం పుస్తకాల్లో రాదు బాబూ. మీ తాతగారిది ఏ సంత?"