రేపటి వాసన

విజయవాడ మొగల్రాజపురంలోని కృష్ణతులసి అపార్ట్‌మెంట్‌లో ఏసీలన్నీ రేపటి వాసనను ఇవాళ సాయంత్రమే వదులుతాయి. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళకు వాచ్‌మన్ నీళ్ళు ఎప్పుడొస్తాయో, చెత్త ఎక్కడ వేయాలో చెప్పి, ఆ వరసలోనే ఇది కూడా చెబుతాడు. ఏసీ వేయగానే గోంగూర వాసన వస్తే మర్నాడు గోంగూర వండాలి. అది పడకగది ఏసీ అయితే, వండిన గిన్నెను కాసేపు పడకగదిలో పెట్టి తీయాలి. వచ్చిన వాసనను మర్నాడు ఇలా నిజం చేయడాన్ని అక్కడివాళ్ళు వాసన తీర్చడం అంటారు.

తీరని వాసన ఊరికే పోదు. పక్క ఫ్లాట్లలోకి పాకుతుంది. ఒకసారి పై అంతస్తులో ఉండే పురోహితుల వారి ఏసీ ఎండు మెత్తళ్ళ వాసన వేసింది. ఆయన మొహమాటపడి ఊరుకున్నారు. రెండు రోజులు తిరిగేసరికి అపార్ట్‌మెంటంతా చేపల రేవైపోయింది. చివరికి ఆయనే ముక్కుకు తువ్వాలు చుట్టుకుని వెళ్ళి ఎండు మెత్తళ్ళు తెచ్చుకుని, గది మధ్యలో పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. అప్పుడు అసోసియేషన్ ఒక తీర్మానం చేసింది. ఎవరి వాసన వాళ్ళే తీర్చుకోవాలి.

నాలుగో అంతస్తులో ఉండే హైమ ఈ విషయంలో ఏనాడూ మాట పడలేదు. భర్త వీరభద్రం నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. ఒక్కతే కూతురు ప్రణవి. మెడికల్ ఎంట్రన్స్ పోయినేడు తప్పితే మళ్ళీ రాస్తోంది. ఎండలు ముదిరాక ఇంట్లో బాగున్న ఒకే ఒక్క ఏసీని ఆ పిల్ల గదికి మార్చి, తల్లిదండ్రులు హాల్లో ఫ్యాను కింద పడుకుంటున్నారు. ప్రణవి పొద్దున ఆ గదిలో కూర్చుంటే అన్నానికి కూడా బయటికి రాదు. ఒక గురువారం సాయంత్రం ఆ ఏసీలోంచి కాలిన వాసన వచ్చింది.

రేపు ఈ గదిలో ఏదో కాలబోతోంది, గదిలో ఉండేది తన పిల్ల. హైమ ఏసీ మెకానిక్ మస్తాన్‌ను పిలిపించింది. అతను ఫిల్టరు ఊడదీసి, వైర్లన్నీ తడిమి, ముక్కు పెట్టి చూశాడు.

"ఇవాళ మిషను బాగానే ఉంది మేడమ్. కాలేది రేపు గదా. కాలనిదాన్ని రిపేరు చేస్తే కంపెనీ ఒప్పుకోదు."

"మరి రేపు కాలాక?"

"కాలాక వచ్చి చేస్తాం. కాకపోతే అప్పుడు మీకొచ్చేది ఎల్లుండి వాసన. దానికి వేరే కంప్లైంటు పెట్టుకోవాలి."

అతను చెప్పినదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. హైమ అసోసియేషన్ సెక్రటరీ చలపతిరావు దగ్గరికి పరిగెత్తింది. ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసులో రిటైరైన మనిషి. దేన్నయినా తొణక్కుండా వింటారు.

"ఏదో ఒకటి కాలితే తీరిపోద్దమ్మా. మీ ఇల్లే కాలాలని రాసిపెట్టి ఉందా? పాత వైరు ముక్క కాల్చండి" అన్నారు.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం సాంబ్రాణి వేయడం ఆ ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే కాబట్టి హైమ ధూపం పాత్ర బయటికి తీసి, బొట్టు పెట్టి, నిప్పుల మీద సాంబ్రాణికి బదులు పాత ఇస్త్రీపెట్టె వైరు వేసింది. గదంతా నల్లటి పొగ కమ్మింది. ప్రణవి దగ్గుతూ జంతుశాస్త్రం చదువుకుంది. వాసన తీరిందని వీరభద్రం నిశ్చింతగా ఆఫీసుకు వెళ్ళాడు.

సాయంత్రం ఏసీ వేస్తే మళ్ళీ అదే వాసన. ఈసారి అందులో కమిలిన జుట్టు వాసన కూడా కలిసింది. వీరభద్రం క్షౌరశాలకు వెళ్ళి కవరు నిండా జుట్టు తెచ్చాడు. ఆ తర్వాత కాలిన కాగితం వాసన వస్తే పాత మోడల్ పేపర్లు వేశారు. పని చేతికి అలవాటైపోయింది గానీ హైమకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోంచి గదికి, గదిలోంచి వంటింటికి తిరిగింది. స్విచ్చి బోర్డు పట్టుకు చూసింది, గోడకు చెవి ఆనించింది, మంచం కింద దూరి వెతికింది. ఎక్కడ ముట్టుకున్నా చల్లగానే ఉంది.

ఆ పై వారం ఆదివారం కూతురి తలకు నూనె పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. మాడు పెనంలా ఉంది. నూనె పడీ పడగానే చుయ్‌మంది. వంగి వాసన చూస్తే, ఇన్నాళ్ళూ తాను కాల్చినవన్నీ అక్కడే ఉన్నాయి. ప్రణవి మోచెయ్యి ఆనించిన చోట పుస్తకం అంచు ఎర్రబారింది.

"ఏమే, ఒళ్ళింత కాలిపోతుంటే చెప్పవేం?"

"ఎప్పట్నుంచో ఇంతేగా. చదివేటప్పుడే అమ్మా, పడుకుంటే తగ్గుద్ది" అంది ప్రణవి. ఆ పిల్ల పడుకునేది ఎంతసేపని? థర్మామీటరు పెడితే మామూలుగానే చూపించింది.

వీరభద్రం ప్రణవికి కోచింగ్ ఇచ్చే కాలేజీకి ఫోన్ చేశాడు. వైస్ ప్రిన్సిపాల్ గొంతులో సంతోషం హైమకు కూడా వినిపించింది.

"వాసన మొదలైందా అండీ? మంచిదే. పోయినేడు మా ర్యాంకర్ల ఇళ్ళల్లో ఇంతకంటే ముందే వచ్చింది. మీరేం చేసినా ఏసీ మాత్రం ఆపొద్దు సార్. చల్లగా ఉంటే ఇంకొన్నాళ్ళు లాగుద్ది."

"ఎన్నాళ్ళు లాగుతుందట?" అంది హైమ.

"సరిగ్గా అడగలేదు. ఇంకెంత, పరీక్ష అయిపోయేదాకా" అన్నాడు వీరభద్రం. ఆయనకు కూతురంటే ప్రాణం. అందుకే ఆ మాట అంటూ గోడ వైపు చూశాడు.

మర్నాడు హైమ ధూపం వేయలేదు. ఎవరికీ చెప్పకుండా పిల్లను ఆటో ఎక్కించి బ్యారేజీ మీదికి తీసుకుపోయింది. కృష్ణ మీంచి గాలి కొడుతోంది. ఇద్దరూ రెయిలింగు పక్కన నిలబడి ముంత మసాలా తిన్నారు. కారం ఎక్కువై ప్రణవి ముక్కు చీదుకుని నవ్వింది. పిల్ల నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో హైమకు గుర్తు రాలేదు. నుదుటి మీద చెయ్యి వేస్తే మామూలు పిల్లల నుదురులాగే ఉంది. ఈ పిల్లను ఇట్నుంచి ఇటే ఎక్కడికైనా తీసుకుపోతే బాగుండుననిపించి, హైమకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అయితే చీకటి పడుతోంది, వీరభద్రం ఫోన్ చేస్తూనే ఉన్నాడు.

తిరిగి వచ్చేసరికి అపార్ట్‌మెంట్ జనమంతా మెట్ల మీదే ఉన్నారు. తీరని వాసన అన్ని అంతస్తుల్లోకి పాకింది. పురోహితుల వారు మళ్ళీ తువ్వాలు చుట్టుకున్నారు. కింది ఫ్లాటు నాగలక్ష్మి, కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్న మనిషి, హైమ చెయ్యి పట్టుకుంది.

"మావాడి గదిలోకి కూడా వచ్చేసింది వదిన గారూ. వాడికింకా టైముంది గదా. మీ పిల్ల వాసన మీరు తీర్చుకోకపోతే ఎట్లాగండీ?"

"తీర్మానం ఉంది గదమ్మా" అన్నారు చలపతిరావు, బాధగానే.

హైమ నోరు తెరవబోయింది. ఈలోగా ప్రణవి, "నేనెళ్ళి కూర్చుంటాలే అమ్మా, అందరూ ఇబ్బంది పడుతున్నారు" అని చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. గది తలుపు మూసుకుంది. పేజీ తిప్పిన చప్పుడైంది. కాసేపటికి మెట్ల మీద గాలి తేటపడింది. నిప్పులు లేవు, వైరు లేదు, జుట్టు లేదు. వాసనను నిజంగా తీరుస్తున్నది ఏమిటో అక్కడున్న ప్రతి ఒక్కరికీ అర్థమైంది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. "హమ్మయ్య" అని ఒకరు అన్నారు, అందరూ టిఫిన్లకు వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కూడా హైమ ప్రతిరోజూ ధూపం వేసింది. దానివల్ల పనేమీ లేదని తెలిసినా, చేతికి ఏదో ఒక పని ఉండాలి. పరీక్ష దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం ఏసీ వాసన మారింది. కాలిన వాసన లేదు. చల్లారిన బూడిద వాసన వచ్చింది.

"చూశావా, కాలడం అయిపోయింది. నేను చెప్పలే?" అన్నాడు వీరభద్రం. పైగా ఇది తీర్చడం ఎంతో సులువని, దేవుడి గదిలోంచి విభూతి పళ్ళెం తెచ్చి అప్పుడే సిద్ధంగా పెట్టాడు.

హైమ పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళింది. ప్రణవి తల ఎత్తలేదు.

"రేపేం వాసనమ్మా?"

"విభూతి."

"పోన్లే, మంచి వాసనే" అని ప్రణవి పేజీ తిప్పింది. తిప్పిన పేజీ మూల పొడిపొడిగా రాలి బల్ల మీద పడింది. హైమ దాన్ని కొంగుతో తుడిచి, ఏసీ ఇంకాస్త చల్లగా పెట్టి, బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. నాగలక్ష్మి. ముఖంలో భయం ఉంది, భయం వెనక దాచుకున్నా దాగని గర్వం కూడా ఉంది.

"మావాడి గదిలో మొదలైంది వదిన గారూ. ఈసారి మీది కాదు, మాదే. కాలేజీ వాళ్ళు కూడా బాగుందన్నారు. మీరు ఏ వైరు వాడారండీ?"

ఇవాళే వాణ్ణి గదిలోంచి లాక్కుని ఎక్కడికైనా తీసుకుపొమ్మని చెప్పాలనుకుంది హైమ. మూసిన తలుపు వెనక ఏసీ సన్నగా మోగుతోంది. హైమ వంటింట్లోకి వెళ్ళి ధూపం పాత్ర తెచ్చి నాగలక్ష్మి చేతిలో పెట్టింది.

"ఇస్త్రీపెట్టె వైరు బాగుంటుంది వదిన గారూ. బొగ్గులు ముందుగానే రాజేసుకోండి" అంది. "పాత్ర తిరిగి ఇవ్వక్కర్లేదు. రేపటి నుంచి మాకు దీంతో పనిలేదు."