మూడు మీద ఆరు పాడిన స్టీరియో

నవ్వనంటేనే చెబుతాను. మా ఇంట్లో పాటకు కూడా ఒక సరిహద్దు ఉంది. అది మూడు.

కొత్త స్టీరియో కొన్న రోజే మా ఆవిడ వాల్యూమ్ నాబ్ చుట్టూ ఉన్న అంకెలు చూసి తీర్పు చెప్పేసింది. "ఇందులో పది దాకా ఉన్నాయి. మీ పాట మూడు దాటిందో, నా నోరు పది దాటుతుంది."

మూడు మీద ఆ నిలువెత్తు స్పీకర్లు అలిగిన అత్తగారిలా గొణుగుతాయి. వేణువు వినాలంటే వాటిని కావలించుకుని నిలబడాలి.

అందుకని ఆవిడ బజారుకెళ్లిన సమయం చూసి, నాబ్ పక్కనున్న చిన్న మర వదులుచేసి, నాబ్ ఊడదీసి, కాస్త తిప్పి బిగించాను. ఇక నాబ్ మీది గీత మూడు చూపిస్తుంది, లోపల ఆరు పాడుతుంది.

సాయంత్రం పాట పెట్టగానే అలమారలో గిన్నెలు కూడా తాళం వేశాయి. ఆవిడ గరిటెతో వచ్చింది.

"ఏమిటండీ ఈ గోల?"

"మూడేగా! నువ్వే చూసుకో."

చూసింది. మూడే. "నిన్నటి మూడు ఇలా లేదే?"

"కొత్త మిషను కదా. పాడగా పాడగా గొంతు విచ్చుకుంటుంది."

సున్నాకి తిప్పింది. పాట ఆగలేదు. "సున్నా మీద కూడా పాడుతోందేం?"

"ఖరీదైన సరుకు. ఊరికే కూర్చోలేదు."

ఆవిడ నాబ్ వంక చూసింది, నా వంక చూసింది, ఏమీ అనకుండా లోపలికెళ్లింది. పెళ్లయినవాడు భయపడాల్సింది సరిగ్గా అక్కడే. నేను ఈల వేసుకున్నాను.

ఆదివారం పాట వినడానికి మా బావమరిదిని పిలిచాను. వాణ్ణి అందరూ మైకు అంటారు. వాడు గుసగుసలాడితే వీధి చివర దర్జీ కుట్టు ఆపి వింటాడు.

దర్జాగా మూడు మీద పెట్టాను. చప్పుడు లేదు.

"తగ్గించు బావా, చెవులు చిల్లులు పడుతున్నాయి!" అని మైకు చెవులు మూసుకున్నాడు. మా ఆవిడ దూది పెట్టుకుంది.

కంగారుగా ఐదుకి తిప్పాను. ఎక్కడో దోమ పాడినట్టుంది. మైకు సోఫా వెనక దూరాడు.

"ఒరేయ్, నాకేం వినపడట్లేదురా!"

వాడు ఏదో అన్నాడు. పెదాలు ఆడుతున్నాయి, మాట లేదు. మైకు మాటే వినపడకపోతే ఇక లోకంలో ఏం వినపడుతుంది? నా అరుపు నాకు వినపడుతోందన్న సంగతి ఆ భయంలో తట్టనే లేదు. ప్రాణంలా చూసుకున్న పాటలన్నీ ఇక మూగవేనా అనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమే, నాకు చెవుడొచ్చింది! నీ తిట్లు కూడా ఇక వినలేను!"

అప్పుడే వంటింట్లో కుక్కర్ కూసింది.

"వినపడింది! కూత వినపడింది!" అని గంతేశాను.

మైకు నవ్వాపుకోలేక సోఫా వెనకే దొర్లాడు. మా ఆవిడ కొంగులోంచి స్క్రూడ్రైవర్ తీసి బల్ల మీద పెట్టింది. "మీరు ఒక పక్కకి తిప్పి బిగిస్తే, నేను రెండో పక్కకి తిప్పి బిగించానండీ. అంతే. ఇంతకీ మీ చెవులు బాగున్నట్టేనా?"

"భేషుగ్గా ఉన్నాయి! చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది!" అన్నాను సంబరం పట్టలేక.

"తమ్ముడూ, విన్నావుగా?"

"నేనే సాక్షిని అక్కా."

పేపరు అడ్డం పెట్టుకుని 'ఏమన్నావు, వినపడలేదే' అనే నా ఒకే ఒక్క ఆయుధం ఆ పూటతో పోయింది. ఇప్పుడు ఆవిడ అరవనే అరవదు. వంటింట్లోంచి మెల్లగా, "ఏవండీ, గిన్నెలు" అంటుంది.

నేను లేచి వెళ్తాను.