రాట్నమెక్కిన మొక్కు

ముత్యాలమ్మ జాతర రోజు పొద్దున బాలనర్సమ్మ వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఎండ ముదరక ముందే గుట్ట కిందికి చేరాలి, మేకను అమ్మవారికి అప్పజెప్పాలి, కూతురి చెయ్యి వదలకూడదు, పొద్దు గూకేసరికి ఇంట్లో ఉండాలి. ఈ లెక్కలో రాట్నం ఎక్కడా లేదు.

మేక సంగతి మాత్రం చిన్నది కాదు. వానాకాలంలో కూతురు సైదమ్మకు జ్వరం తగిలి, పిల్ల కళ్ళు తెరవని ఒక సాయంత్రం బాలనర్సమ్మ కొంగు పట్టి ముత్యాలమ్మకు మేకను మొక్కుకుంది. పిల్ల లేచి గంజి అడిగింది. అప్పటి నుంచి సైదమ్మ తుమ్మితే చాలు, తల్లి మేక వంక చూసేది. మొక్కు తీరేదాకా ఆ జ్వరం ఊరి పొలిమేరలోనే ఎక్కడో కూర్చుని ఉందని ఆమె నమ్మకం.

అరువు బండిలో మేక పక్కన కూర్చున్న సైదమ్మ సగం దారిలో నోరు విప్పింది.

"అమ్మా, నేను రాట్నమెక్కుత."

"ఏ రాట్నం?"

"కొత్తకోట కెల్లి వచ్చిందంట. నాలుగు తొట్టెలున్నయంట. పైకి పోతే భువనగిరి గుట్ట కనపడ్తదంట."

"భువనగిరి గుట్ట బండిలకెల్లి గూడ కనపడ్తది. అగో, సూడు."

సైదమ్మ చూడలేదు. బండి తోలుతున్న భర్త గురవయ్య వెనక్కి తిరిగి, "ఎక్కనియ్యరాదే, పిల్ల ముచ్చట పడ్తాంది" అన్నాడు. అంతే, బాలనర్సమ్మకు ఒళ్ళు మండింది.

"ముచ్చటా? ఆ కొయ్య ఏ కాలందో. ఆ చీల ఊడితే? తొట్టె బోర్లపడితే? పిల్ల పైనున్నప్పుడు ఆ తిప్పెటోనికి దగ్గొస్తే?"

"వానికి దగ్గెందుకొస్తదే?"

"రాదని నీకు మాటిచ్చిండా?"

గురవయ్య ఎద్దుల వైపు తిరిగాడు. ఎద్దులతో మాట్లాడడం సులువు.

అమ్మవారి ముందు మేకలు బారుగా నిలబడి ఉన్నాయి. అక్కడి పద్ధతి ఏమిటంటే, పూజారి మొక్కి మేక వీపు మీద పసుపునీళ్ళు పోస్తాడు. మేక ఒళ్ళు విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే తల్లి ముఖం తిప్పుకున్నట్టే, విదిలించేదాకా దాని మీద ఎవరూ కత్తి వెయ్యకూడదు. మామూలు ఏడాది ఇది చిటికెలో అయ్యే పని. ఈ ఏడాది ఎండ ఎలా ఉందంటే, చల్లని నీళ్ళు వీపున పడగానే మేకలన్నీ కళ్ళు అరమోడ్చి, ఇంకాస్త పొయ్యమన్నట్టు నిలబడుతున్నాయి.

పూజారి ఎల్లస్వామి బాలనర్సమ్మ మేక మీద ఒక ముంత పోశాడు. మేక కదల్లేదు. ఇంకో ముంత పోశాడు. వేపమండతో చిలకరించాడు. మేక ముక్కు మీది పసుపును నాకి, రుచి చూసి, మళ్ళీ నాకింది.

"తల్లికి మనసొప్పుతలేదు బిడ్డా" అన్నాడు ఎల్లస్వామి. "మీ ఇంట్ల ఏదో తప్పున్నది. యాదికి తెచ్చుకో."

తప్పు కోసం బాలనర్సమ్మ ఎక్కువసేపు వెతుక్కోలేదు. జ్వరం నుంచి లేపిన తల్లి ముందుకు వస్తూ పిల్ల రాట్నం మీద మనసు పెట్టుకుంది, అదే తప్పు. ఆ మాట చెబుదామని పక్కకు తిరిగితే చేతిలో మేక తాడుంది, పిల్ల లేదు. మేకను ఈడ్చుకుంటూ, భర్తను తిట్టుకుంటూ ఆమె రాట్నం దగ్గరికి పరుగెత్తింది. సైదమ్మ అక్కడే, తలెత్తి, నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

రెండు నిలువు మొద్దులు, వాటి మధ్య ఇరుసు, ఇరుసుకు అడ్డంగా కొయ్యలు, కొయ్యల కొసలకు వేలాడే నాలుగు తొట్టెలు. కింద నిలబడ్డ ఇద్దరు మనుషులు కొయ్యల్ని చేతులతో లాగి తిప్పుతున్నారు. తిరిగినప్పుడల్లా ఇరుసు పురిటి నొప్పులు పడుతున్నట్టు మూలుగుతోంది.

"ఏందన్నా గా మూలుగుడు?" రాట్నం యజమాని రఘుపతిని ఆమె నిలదీసింది.

"ఏం లేదక్కా. దేశాల నడుమ లడాయి జేసి మిషన్ నూనె దొరుకుత లేదు. ఆముదం పోసిన."

"ఆముదమా? మేం నెత్తికి రాసుకునేది పోసి పిల్లల పానాలు ఎక్కిస్తున్నవా? అడిగెటోడు లేడా ఈ సర్కారుల?"

"ఇప్పటిదాంక ఒక్కరు పడలేదక్కా."

"పడ్డోళ్ళు లేచొచ్చి నీకు చెప్తరా?"

చుట్టూ జనం గుమిగూడుతున్నారు. బేరం చెడిపోతుందని రఘుపతికి భయం పట్టుకుంది. "ఓ మూట ఎక్కించి తిప్పి సూపిస్త, సరేనా?" అన్నాడు.

"మూటకు పానమున్నదా? పానమున్నది ఎక్కి, పానంతోని దిగాలె. గప్పుడు మాట్లాడు."

రఘుపతి అటూ ఇటూ చూశాడు. పసుపులో తడిసిన మేక కనబడింది. బాలనర్సమ్మ వద్దనేలోపు, వెనకాలే వచ్చిన గురవయ్య దాన్ని ఎత్తి తొట్టెలో పెట్టేశాడు. ఎదురు తొట్టెలో బరువు లేకపోతే రాట్నం సరిగ్గా తిరగదని రఘుపతి అందులో ఒక రాయి ఉంచాడు. మేక పైకి పోయింది, కిందికి వచ్చింది, మళ్ళీ పోయింది. దిగిన మేక నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి, క్షణం ఆలోచించి, కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్ళంతా విదిలించింది. పసుపునీళ్ళు జనం మీద చిందాయి.

"ఇదిలిచ్చింది, తల్లి ఒప్పుకున్నది" అని ఎవరో అరిచారు. బాలనర్సమ్మ రెండు చేతులూ జోడించింది. సంబరం పట్టుమని ఒక తమలపాకు నమిలినంతసేపు నిలవలేదు. ఎల్లస్వామి రొప్పుతూ వచ్చాడు.

"ఇది చెల్లది. తల్లి ముంగట ఇదిలించాలె గని రాట్నం ముంగట కాదు."

పొద్దుటి నుంచి మేకతో నిలబడి కాళ్ళు పీకుతున్న ముసలి మారెమ్మ ముందుకొచ్చింది. "గంత పైకెల్లి ఆ మేకకు తల్లి మొఖం కనపడ్డంత మంచిగ నాకు గూడ కనపడలే, ఎల్లస్వామీ. ఇంకా ఏం ముంగట గావాలె నీకు?"

ఎల్లస్వామి వెనక్కి తిరిగి మేకల బారును చూశాడు. మొండి మేకలు, ఎర్రటి ఎండ, ఖాళీ అవుతున్న పసుపు కుండ. చివరికి అతనే తీర్పు చెప్పాడు. తాను మొక్కి నీళ్ళు పోశాక రాట్నమెక్కిన మేక విదిలిస్తే చెల్లుతుంది.

"అయితే మాది చెల్లినట్టే గద మామా" అంది బాలనర్సమ్మ.

"నీది ఎట్ల చెల్లుతది? నేను రాట్నం కాడ మొక్కి పొయ్యలే గద. నువ్వు వరుసల నిలబడు బిడ్డా."

బాలనర్సమ్మ మేక తాడు చేతికి చుట్టుకుని వరుస చివరికి నడిచింది. దారి కనిపెట్టింది తమ మేక. ఇప్పుడు ఆ దారిలో ముందు నడిచేవి ఊళ్ళోని మేకలన్నీ. మారెమ్మ మేక అప్పటికే తొట్టెలో కూర్చుని ఉంది. రాట్నం కోసం వచ్చిన పిల్లల్ని పక్కకు నెట్టేశారు. "మేకలెక్కుతున్నయి, నేనెందుకెక్కొద్దు?" అని సైదమ్మ అడిగింది. తల్లి పిల్ల వీపు మీద ఒకటి వేసింది.

పొద్దు గుట్ట మీదికి వాలింది. పొద్దు గూకితే ఆ ఏటికి మొక్కులు బంద్. సరిగ్గా తమ వంతు వచ్చేసరికి పటేల్ జీతగాడు కురుమయ్య దున్నపోతంత పొట్టేలుతో వచ్చి, "పటేల్‌ది. జరగండ్రి" అన్నాడు.

"పొద్దటి సంది నిలబడ్డం. వరుస మేకలకేనా, పొట్టేలుకు లేదా?"

"పటేల్ పొట్టేలు వరుసల నిలబడ్తదా?"

"నీ పటేల్ జ్వరమొచ్చి కండ్లు మూసుకున్నడా? ఈ మేక నా బిడ్డ పానం. నీ పొట్టేలు పటేల్ షోకు."

మాట పెరగకుండా ఎల్లస్వామి అడ్డొచ్చాడు. ఒక తొట్టెలో పొట్టేలు, ఎదురు తొట్టెలో మేక, రెండు మొక్కులూ ఒక్కసారే తీరిపోతాయి. రఘుపతి తల అడ్డంగా ఊపాడు. ఆ పొట్టేలుకు ఈ మేకా ఆ రాయీ కలిసినా సరితూగవు. చుట్టూ గుట్టలే, కానీ ఎత్తడానికి వీలైన రాయి ఇంకొక్కటి లేదు.

"ఆ తల్లిని, పిల్లను గూడ ఎక్కియ్యి, సరిపోతది" అన్నాడు కురుమయ్య.

"ఏందీ? తక్కెట్ల పాసంగం రాయి పెట్టినట్టు నన్నూ నా బిడ్డనూ పటేల్ పొట్టేలుకు పెడ్తవా?"

"పోనీ నేనెక్కుత" అన్నాడు గురవయ్య.

"నువ్వు తిప్పాలె. మావోళ్ళ రెక్కలు పడిపోయినయి" అన్నాడు రఘుపతి.

బాలనర్సమ్మ గుట్ట మీది సూర్యుణ్ణి చూసింది. తర్వాత రాట్నాన్ని చూసింది. ఒకవైపు చీల, ఆముదం, దగ్గు. ఇంకోవైపు ఆ జ్వరం. సైదమ్మ అప్పటికే ఒక కాలు తొట్టెలో పెట్టింది. బాలనర్సమ్మ పిల్లను ఒక చేత్తో, మేకను ఇంకో చేత్తో అదుముకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఎక్కింది. ఎల్లస్వామి మొక్కి నీళ్ళు పోశాడు. రాట్నం మూలిగింది.

వాళ్ళ తొట్టె పైకి చేరేసరికి కింది తొట్టెలో పొట్టేలు నేలను చూసింది. డప్పు చప్పుడు విన్నది. దూకింది.

పటేల్ పొట్టేలు పారిపోతే రేపు ఊళ్ళో ఎవరి వీపులు చిట్లుతాయో అందరికీ తెలుసు. కురుమయ్య పరుగెత్తాడు, రఘుపతి మనుషులు పరుగెత్తారు, డప్పులవాళ్ళూ పరుగెత్తారు. రాట్నం దగ్గర కొయ్యకు వేలాడుతూ రఘుపతి, గురవయ్య మిగిలారు.

"అక్కా, కదలకు. మేమిడిస్తే ఒక్కసారే కిందికొస్తరు."

"గా ముచ్చట ఎక్కకముందు చెప్పాలె" అంది పైనుంచి బాలనర్సమ్మ. కోపం వచ్చేసరికి కళ్ళు తెరుచుకున్నాయి.

జాతరంతా చాప పరిచినట్టు కింద ఉంది. కురుమయ్య తూర్పుకు పరుగెత్తుతున్నాడు. పొట్టేలు పడమటికి పోతోంది. ఇంత మంది మగవాళ్ళున్నారు, ఒక్కడికీ కళ్ళు లేవు. ఆమెకు భయం కన్నా అదే ఎక్కువ మండింది.

"ఓ కురుమయ్యా, ఎటు ఉరుకుతున్నవ్? గాజుల దుకాణం ఎనుక ఉన్నది. నీ ఎడమకు. అన్నం తినే చెయ్యి కాదు, రెండోది."

జనం ఆమె వేలు చూపించిన వైపు మళ్ళారు. ఆమె కుడి అంటే కుడి, ఆగు అంటే ఆగారు. పటేల్ మాటకు కూడా ఆ ఊరు ఇంత చక్కగా నడిచింది లేదు.

"ఎల్లస్వామి మామా, గుడెనుక చెట్టు కింద నీ కల్లు ముంత కాడికి పోతాంది. సూసుకో."

ఎల్లస్వామి అంత వేగంగా కదలడం ఆ జాతరలో ఎవరూ చూడలేదు. పొట్టేలు దొరికింది. పట్టుకోగానే ఒంటి మీది దుమ్మంతా దులిపి విదిలించింది, దాన్ని ఆ పూటకు అక్కడే ఒప్పేసుకున్నారు. మళ్ళీ తూకం కుదరడానికి పొట్టేలును తొట్టెలో పెట్టి, అది దూకకుండా కురుమయ్యనూ ఎక్కించారు. రాట్నం మెల్లగా తిరిగింది. వాళ్ళిద్దరూ పైకి పోతుంటే బాలనర్సమ్మ కిందికి దిగింది.

"భువనగిరి గుట్ట బండిలకెల్లే మంచిగ కనపడ్డది" అని సైదమ్మ పెదవి విరిచింది.

అందరి కళ్ళూ ఇప్పుడు మేక మీద. మేక తొట్టెలో పడుకుని బాలనర్సమ్మ కొంగు నములుతోంది. సూర్యుడి అంచు ఒక్కటే మిగిలింది. ఎల్లస్వామి కుండలో మిగిలిన పసుపునీళ్ళన్నీ ఒక్క ఊపున విసిరాడు. మేక తల వంచి కొంగు కిందికి దూరింది. నీళ్ళన్నీ బాలనర్సమ్మ నెత్తిన పడ్డాయి. పైగాలికి చెమటారిన ఒళ్ళు, అప్పటిదాకా కోపం కింద అణిగి ఉన్న భయం, రెండూ ఒక్కసారి తిరగబడ్డాయి. ఆమె నెత్తి నుంచి అరికాళ్ళ దాకా గజగజ వణికి ఒళ్ళంతా విదిలించింది.

పొద్దు గూకింది.

"మొక్కు తీరినట్టేనా మామా?" వణుకుతూనే అడిగింది బాలనర్సమ్మ. ఆమెకు కావలసింది ఆ ఒక్క మాటే.

ఎల్లస్వామి చాలాసేపు ఆలోచించాడు. "నీళ్ళు నేనే పోసిన. మొక్కు నీదే. ఇదిలించుడు గూడ మంచిగనే ఇదిలించినవ్. తల్లి ఒప్పుకున్నది బిడ్డా, ఇగ పిల్లకు ఫికరు లేదు."

బాలనర్సమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుని కళ్ళు తుడుచుకుంది. పైతొట్టెలో పొట్టేలును కావలించుకుని కూర్చున్న కురుమయ్యకు మాత్రం ఒక అనుమానం మిగిలింది.

"మామా, అయితే ఇప్పుడు కొయ్యాల్సింది ఎవర్ని?"

ఎల్లస్వామి ఆ సంగతి కూడా ఆలోచించడం మొదలుపెట్టేసరికి, గురవయ్య మేకనూ భార్యనూ ఒకే తాడుకు కట్టినట్టు లాక్కుపోయి బండెక్కించాడు.