కారులో మనిషి ఉండవలెను

పైక్ హార్బర్ పట్టణంలో ఇకమీదట కారు దొంగతనమన్న మాటే వినపడదని మేయర్ వెర్లిన్ టోస్ట్రుడ్ గారు ప్రకటించారు. మినెసోటా చలికి జనం పొద్దున్నే కారు స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా వాకిట్లో వదిలేసి, లోపల కాఫీ తాగుతుంటారు. దొంగలకు అంతకంటే ఏం కావాలి? అందుకే కొత్త చట్టం: "ఇంజను నడుస్తున్న కారులో మనిషి ఉండవలెను." ఏ మనిషి, ఎంతసేపు అన్న చిల్లర విషయాల జోలికి మేయరుగారు పోలేదు. మహానుభావుడు!

చల్లటి సీటు మీద కూర్చుంటే మేయరుగారికి నడుం పట్టేస్తుంది. అలాగని చట్టం మీరే మనిషి కాదాయన. వాళ్లమ్మ ఆల్వీనాను తెచ్చి కారులో కూర్చోబెట్టారు.

"ఎంతసేపురా?"

"మీటింగ్ అయ్యేదాకా అమ్మా. హీటర్ పెంచకు, పెట్రోలు దండగ."

నాయకుడంటే అలా దారి చూపాలి. వారం తిరిగేసరికి ఊళ్లో ప్రతి కారులోనూ ఒక ముసలి ప్రాణం కొలువుదీరింది. వచ్చేవాళ్లు లేక వృద్ధుల క్లబ్బుకు తాళం పడింది. వృద్ధులకు ఉపాధి కల్పించామనీ, క్లబ్బు ఖర్చు మిగిల్చామనీ మేయరుగారు ఒకే ప్రెస్‌మీట్‌లో రెండు విజయాలు చెప్పుకున్నారు.

గురువారం ఆల్వీనా చిన్ననాటి నేస్తం యోర్డిస్‌కి తొంభయ్యో పుట్టినరోజు. చావు తప్పి ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషి. చర్చి హాల్లో కాఫీ, లెఫ్సా రొట్టెలు.

"నన్ను అక్కడ దింపరా."

"ఇవాళ నాకు సన్మానం అమ్మా! రేడియోలో లైవ్! వచ్చే ఏడు వెళ్దువుగానిలే."

తొంభై ఏళ్ల మనిషికి వచ్చే ఏడట! ఆల్వీనాకు ఒళ్లు మండింది. అంత చలిలో ఆమెకు వెచ్చగా ఉన్నది అదొక్కటే. సన్మానం జరిగే హాలు బయట ఆపిన కారులో, డ్రైవరు పక్క సీట్లో, తలమీదుగా దుప్పట్లు కప్పుకుని, రేడియో పెట్టుకుని కూర్చుంది.

ఎవరో కుర్రాడు తలుపు తీసి, స్టీరింగ్ ముందు కూలబడి, కారును సర్రున లాగించాడు.

"బెల్టు పెట్టుకో నాయనా," అంది దుప్పట్ల మూట.

"అమ్మబాబోయ్! మనిషా?"

"చట్టప్రకారం."

ఇంతలో రేడియోలో మేయరుగారి ప్రసంగానికి ఎవరో అడ్డం వచ్చారు.

"సార్, నేను కానిస్టేబుల్ డ్వేన్‌ని. మీ కారు కనపడ్డంలేదు. అందులో మనిషి లేకపోతే మీకే జరిమానా రాయాలి."

"ఉంది! మా అమ్మ ఉంది అందులో!"

"చూశారా, మీ చట్టమే మిమ్మల్ని కాపాడింది. ఉల్లంఘన లేదు సార్!"

హాలంతా చప్పట్లు మోగిపోయాయి. మేయరుగారు గొంతు సవరించుకున్నారు. "ఈ చట్టం వచ్చాక నేటివరకూ ఒక్క కేసు కూడా నమోదు కాలేదని సగర్వంగా..."

కుర్రాడు బ్రేకు మీద కాలు వేశాడు. "మామ్మగారూ... వెనక్కి తిప్పనా?"

ఆల్వీనా రేడియో కట్టేసింది.

"ముందు హీటర్ పెంచు నాయనా. చర్చి ఎడంచేతి వైపు."