రాని పడవవాడు

ఆ రోజు పొద్దున లిఫ్టు మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రంలోపు చదువుతున్న పుస్తకంలో ఇంకో అధ్యాయం చదివెయ్యాలి, ఇంటికెళ్లి కూతురిచేత ఒక్క మాటైనా మాట్లాడించాలి. వర్షాలు మొదలైనప్పుడు ఆమె పనిచేసే ఆఫీసు మూతపడింది. అప్పుడు గదిలోకి వెళ్లి తలుపేసుకున్న పిల్ల, వర్షాలు వెలిసినా మనుషుల్లోకి రాలేదు. ఎప్పుడు చూసినా కంప్యూటరు ముందు ఒకటే ఆట. దేశదేశాలవాళ్లు ఒకేసారి ఆడే ఆటట. ఎవరేమడిగినా "ఊఁ" తప్ప జవాబు లేదు. ఇల్లు ఇల్లులా లేదు.

భార్య రోజూ ఆయన్నే దెప్పేది. "ఊళ్లోవాళ్లు లిఫ్టుల్లో ఇరుక్కుంటే పరిగెత్తుకెళ్తారు. కన్నకూతురు ఆ గదిలో ఇరుక్కుపోతే చేతులు కట్టుకుని కూర్చున్నారు!"

ఆయనకో పద్ధతుంది. ఏ మెషినైనా సరే, దాని మ్యాన్యువల్ చదవకుండా స్క్రూడ్రైవరు ముట్టుకోడు. అందుకే పాత పుస్తకాల దుకాణంలో, ఆ ఆటలోని బొమ్మే అట్టమీద ఉన్న లావుపాటి పుస్తకం కనబడగానే మ్యాన్యువల్ దొరికిందని సంబరపడి కొనేశాడు. అది ఆటను చూసి ఎవరో అల్లిన నవల అని ఆయనకు తెలియదు. జన్మలో నవల చదివిన పాపాన పోలేదు మరి. మేడల మీద లిఫ్టు మోటారు గదుల్లో, గ్రీజు చేతులతో, టార్చిలైటు వెలుగులో చదివాడు. పేజీల నిండా వాన, శవాలు, కూలిన కోటలు. మ్యాన్యువల్‌లో ఇంత ఏడుపెందుకో అర్థం కాలేదు గానీ, అందులోని పడవవాడి కష్టాలు చదివేసరికి ఆయనకే కళ్లు తడయ్యాయి.

ఆ సాయంత్రం గది ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఆ వంతెన ఎక్కకు, కూలిపోతుంది. కింద రేవులోకి పడవవాడొస్తాడు. ఆగు."

తలుపు తెరుచుకుంది. పిల్ల ముఖం పాలిపోయి ఉంది.

"వంతెన కూలుతుందని నీకెలా తెలుసు? నిన్న అక్కడే చచ్చాను."

"నీ తండ్రిని, నాకు తెలీదా?" అన్నాడు. పుస్తకం చూసి చెప్పానంటే నామోషీ.

వంతెన సంగతి నిజమైంది గనుక పడవవాడి సంగతీ నిజమేనని ఆమె నమ్మి, రేవులో కాపు కాసింది. ఎవడూ రాలేదు. ఎలా వస్తాడు? ఆ పడవవాణ్ణి నవల రాసినాయన సొంతంగా పుట్టించాడు. ఆటలో వాడు లేనే లేడు. మర్నాడు "రాలేదు నాన్నా" అని ఆమె వంటింటిదాకా వచ్చి మరీ చెప్పింది. అంతదూరం నడిచొచ్చినందుకే ఆయన పొంగిపోయి, "వాన పడుతుండగా దీపం పెట్టాలమ్మా, అప్పుడొస్తాడు" అని ఇంకో పేజీ అందించాడు.

ఆమె దీపం పెట్టింది. ఆటలో తోటివాళ్లకు చెప్పింది. వాళ్లు ఇంకొందరికి చెప్పారు. వారం తిరిగేసరికి రేవు నిండా జనం, చేతుల్లో దీపాలతో, వానలో తడుస్తూ. యుద్ధాలు మానేశారు. పడవ కనబడిందని కొందరు, వట్టిదని కొందరు, అక్కడ కూడా రెండు పార్టీలయ్యాయి.

ఈలోగా కూతురు మైకులో ఎవరితోనో అంటున్న మాట భార్య చెవిన పడింది. "వస్తాడనే ఇన్నాళ్లూ కూర్చున్నాను. పడవ నడుపుకునేవాడి కోసం పిచ్చిదాన్నయిపోయాను." ఆవిడ గుండెల్లో రాయి పడింది. పిల్ల బెంగకు కారణం ఇదన్నమాట! వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. సాయంత్రానికల్లా పిన్ని దిగింది.

"పడవ నడిపితే నడిపాడు బావగారూ, పిల్ల దక్కితే చాలు. ఇంతకీ వాడికి ముందూ వెనకా ఎవరున్నారు?"

ఈవిడకీ ఆట సంగతి తెలుసు కాబోలనుకున్నాడాయన. పడవవాడి గురించి ఆయన్ను ఇంత శ్రద్ధగా అడిగినవాళ్లు ఇంకెవరూ లేరు.

"ఎవరూ లేరమ్మా. అందరూ వరదలో పోయారు."

"అయ్యో! ఇల్లూ వాకిలీ?"

"రేవు పక్కన పాక. కప్పు కారుతుంది."

"ఇదంతా తెలిసి కూడా నాకొక్క ముక్క చెప్పలేదా మీరు?" అని భార్య బావురుమంది.

"నువ్వుండక్కా. తాగుతాడా బావగారూ?"

"పన్నెండో అధ్యాయందాకా ముట్టలేదు. ఆ తర్వాత నేనింకా చదవలేదు."

గదిలోంచి కూతురు వచ్చింది. "అధ్యాయమేమిటి నాన్నా?"

సంచిలోంచి పుస్తకం తియ్యక తప్పలేదు. ఆమె నాలుగు పేజీలు తిరగేసింది. "ఇది నవల నాన్నా. వీడు ఆటలో లేడు. ఎప్పటికీ రాడు." తిట్టినా బాగుండేది. ఆ గొంతులో కోపం కూడా లేదు. లోపలికెళ్లి తలుపేసుకుంది.

"మ్యాన్యువల్ అనుకున్నానమ్మా," అన్నాడాయన తలుపుతో.

పెళ్లికొడుకే లేడని తేలాక, సంతోషించాలో ఏడవాలో తెలియక పిన్ని కాఫీ తాగి వెళ్లిపోయింది. పిల్లను బయటికి తేబోయి ఇంకా లోపలికి నెట్టానని ఆయన ఆ గుమ్మంలోనే కూలబడ్డాడు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"వాడు లేడని అందరికీ చెప్పేశాను నాన్నా. రేవులోంచి ఒక్కడూ కదల్లేదు."

"ఎందుకని?"

"అక్కణ్ణుంచి వెళ్లి మాత్రం చేసేదేముందంటున్నారు. అందరూ నాలాంటివాళ్లే." తలుపు బార్లా తీసింది. "రా, కూర్చో. నువ్వు తెచ్చిన గోల, నువ్వే చూసుకో."

ఆయన కోసం ఒక ముసలి బొమ్మను తయారుచేసి రేవులో దింపింది. ఆయన మొదటి మీట నొక్కగానే ముసలివాడు నీళ్లలో పడి మునిగిపోయాడు. ఇంకోసారీ అంతే. "కుడివైపు నాన్నా! కుడి ఏదో కూడా తెలీదా నీకు?" అని ఆమె గట్టిగా అరిచింది. ఆ అరుపుతో ఆయనకు ప్రాణం లేచొచ్చింది. చివరికెలాగో ఒడ్డుకు చేరాడు. దీపాలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఏం చెప్పాలో తోచక, ఆగిపోయిన లిఫ్టుల బయట నిలబడి ఇన్నేళ్లూ లోపలివాళ్లతో అన్న మాటే అన్నాడు.

"వచ్చేశానండీ. కంగారు పడకండి."

కూతురు దాన్ని వాళ్లకర్థమయ్యే భాషలో టైపు చేసింది. ఆమె కళ్లు తుడుచుకోవడం ఆయన చూశాడు.

ఆనాటినుంచి పని దిగి రాగానే ఆయన తిన్నగా ఆ గదిలోకే వెళుతున్నాడు. రేవు ఖాళీగా ఉండకూడదట. ఇదివరకు భోజనానికి ఒక్కరిని పిలిస్తే సరిపోయేది. ఇప్పుడు భార్య ఇద్దర్ని పిలిచి, ఒక్కతే తింటోంది.