గంటకో నవ్వు

ఇకమీదట రాష్ట్రంలో ఒక్క కుర్ర డాక్టరుకి కూడా మనసులో దిగులు ఉండదని వైద్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆయన ప్రకటించాక కూడా ఉంటే అది డాక్టర్ల తప్పు.

రెండు రోజులు ఏకబిగిన డ్యూటీ చేయడం వల్ల కాదు, మిగిలిన కాస్త టైములో ఇంటర్నెట్ చూడటం వల్లే వీళ్లు కుంగిపోతున్నారని ఆయన వేసిన కమిటీ తేల్చింది. అందుకని ఫోన్ వాడకం తగ్గించడానికి మంత్రిగారు ఫోన్‌లోనే ఒక యాప్ పెట్టించారు. గంటకోసారి మోగుతుంది. వెంటనే ఫోన్ తీసి, "నేను ఫోన్ చూడటం లేదు" అన్నచోట నొక్కి, కెమెరా ముందు నవ్వాలి. నవ్వు తప్పితే ట్రైనింగ్ ఇంకో ఆరు నెలలు పొడిగిస్తారు. ఇంత శ్రద్ధ కన్నవాళ్లకి కూడా ఉండదు.

మా అమ్మాయి హౌస్ సర్జన్. నిద్ర లేక ఎక్కడ కళ్లు తిరిగి పడిపోతుందో, సూది ఎక్కడ తన చేతికే గుచ్చుకుంటుందో అని అసలే నాకు గుండె దడ. ఇంకో ఆరు నెలలంటే పిల్ల దక్కుతుందా? గ్లౌజులు వేసుకుని కుట్లు వేసే మనిషి మధ్యలో ఆపి నవ్వితే ఆ పేషెంటు ఏమైపోవాలి?

"నీదీ నాదీ ఒకటే పోలిక అమ్మా," అని ఫోన్ నా చేతిలో పెట్టి ఆపరేషన్ థియేటర్లోకి పోయింది. ఆ రోజే మొహం నమోదు చేయాలిట. నాదే నమోదు చేశాను.

వార్డు బయట బెంచీ మీద, నాలాగే పిల్లల ఫోన్లు పట్టుకుని కూర్చున్న అమ్మానాన్నలు నాకు తోడు బాగానే దొరికారు. ఒక టైలరుగారైతే కొడుక్కి మీసం లేదని తన మీసం తీయించుకుని మరీ వచ్చారు. ఫోన్లు మోగగానే అందరం నవ్వేవాళ్లం. ఒకసారి తనిఖీకి వచ్చిన మంత్రిగారు చూసి ఎవరు వీళ్లంతా అన్నారు. పేషెంట్ల బంధువులు సార్, మన సేవలకి ఆనందం పట్టలేకపోతున్నారు అన్నారు సూపరింటెండెంటుగారు. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు.

నెలాఖరుకి ఒక్క నవ్వు కూడా తప్పని డాక్టరు మా అమ్మాయేనని తేలింది. మెడల్ ఇస్తామని సభ పెట్టారు. డ్యూటీ నుంచి తిన్నగా స్టేజీ ఎక్కిన పిల్ల నిలబడే తూగుతోంది. మంత్రిగారు స్వయంగా ఫోన్ దాని మొహానికి పెట్టారు.

ఈమె ఎవరో తెలియదంది యాప్.

"నాకూ మొదటినుంచీ అనుమానమే సార్," అన్నారు రోజూ మా అమ్మాయిని చూసే సూపరింటెండెంటుగారు.

ఇక పోలీసులే అనుకుని నేను స్టేజీ మీదికి పరుగెత్తాను. ఫోన్ కనపడేసరికి నా మొహం దానంతటదే నవ్వింది. స్వాగతం డాక్టర్ అంది యాప్. మంత్రిగారు మెడల్ నా మెడలో వేసేశారు.

"సార్, ఆవిడ మా అమ్మ," అంది మా అమ్మాయి.

"డాక్టరంటే అమ్మ అనేంత గౌరవం ఉండాల్సిందే. నువ్విక ఇంటికెళ్లి పడుకో తల్లీ," అన్నారు మంత్రిగారు. సెక్యూరిటీవాళ్లు దాన్ని జాగ్రత్తగా ఆటో ఎక్కించారు.

నాకు తెల్లకోటు తొడిగి వార్డులో నిలబెట్టారు. ఇంటికి ఫోన్ చేస్తే, ఒళ్లు తెలియకుండా పడుకుంది, మళ్లీ చేసి లేపకు అన్నారు మావారు.

మొదటి మంచం మీది పెద్దాయన నన్ను ఎగాదిగా చూశారు.

"అసలు డాక్టరుగారు ఎప్పుడొస్తారమ్మా?"

"నిద్ర లేచాక," అన్నాను.